జింకతో చుట్టరికం

మా ఊరు నేలకొండపల్లి. ఖమ్మానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. భద్రాచల రామదాసు అని మనమందరం పిలిచే కంచెర్ల గోపన్న పుట్టినది ఈ ఊళ్ళోనే. ఊరికి దగ్గరలో పాతకాలపు బౌద్ధ స్తూపం ఉంది. పొలిమేరలో ఉన్న మట్టిదిబ్బను చూపించి, విరాటరాజు కొలువు తీర్చినది అక్కడే అని మా పెద్దవాళ్ళు చెబుతారు.

ఇన్ని ఉన్నా మా ఊరికి అడవి మాత్రం లేదు. ఎటు చూచినా వరి, చెరకు. అడవి చూడాలంటే కొత్తగూడెం దాటి, పాల్వంచ మీదుగా భద్రాచలం దారి పట్టాలి. ఆ దారిలో ఇప్పటికీ రోడ్డుకు రెండు వైపులా టేకు, ఇప్ప, తునికి చెట్లు కనిపిస్తాయి. భద్రాచలం నుంచి మరి ముప్పై అయిదు కిలోమీటర్లు పోతే పర్ణశాల వస్తుంది. సీతమ్మ మాయలేడిని చూచి ముచ్చటపడినది అక్కడే అని ప్రతీతి. అందుచేత మా వైపు పిల్లలు నిజమైన లేడి కన్న ముందు మాయలేడి గురించి వింటారు.

మా మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. కిందటి వేసవి సెలవుల్లో అది నోటు పుస్తకం నిండా ఒక కథ వ్రాసింది. ఆ కథలో అడవి నడుమ ఒక జాతి ఉన్నది. వాళ్ళ పేరు లేడివారు. వాళ్ళలో బిడ్డ పుట్టిన రోజునే అడవిలో ఒక లేడిపిల్ల పుడుతుంది. ఆ ఇద్దరికీ మంత్రముడి పడుతుంది. ఆ ముడికి అయిదు నియమాలున్నాయి. లేడి విన్నది మనిషికి వినిపిస్తుంది. లేడికి కొమ్ములు వచ్చినప్పుడు మనిషికీ కొమ్ములు వస్తాయి. లేడికి దెబ్బ తగిలితే మనిషికి నొప్పి పుడుతుంది. లేడి పోతే మనిషి బతకడు. ఇక అయిదోది, లేడి ఎన్నడూ మనిషిని విడిచిపోదు.

కథ చదివి వినిపించి, "తాతయ్యా, ఇట్లాంటి వాళ్ళు నిజంగా ఎక్కడన్నా ఉన్నారా?" అని అడిగింది.

లేరు అని ఒక్క మాటతో చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ అయిదు నియమాలనూ ఒక్కొక్కటిగా తలుచుకొంటే, మంత్రం లేకుండానే వాటికి దగ్గరగా వచ్చే సంగతులు నాకు చాలా జ్ఞాపకం వచ్చాయి. కొన్ని నేను చూచినవి, కొన్ని చదివినవి. వాటిని మీకు కూడా చెబుతాను.

మొదటి నియమంతో మొదలుపెడదాం. లేడి విన్నది మనిషికి వినిపించడం.

1966 వేసవిలో నాకు పదేళ్ళు. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయి అప్పటికి ఏడాది అయింది. మా నాన్న తునికాకు కల్లంలో గుమాస్తా. తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలంలో అడవిలోని జనం తెల్లవారుజామునే పోయి ఈ ఆకు కోసి, యాభై ఆకులు ఒక కట్టగా కట్టి, కల్లానికి తెచ్చి ఆరబెడతారు. ఆ వేసవిలో నాన్న నన్ను కూడా పాల్వంచ అడవిలోని కల్లానికి తీసుకుపోయాడు.

అక్కడ ఆకు కోసేవాళ్ళకు పెద్ద ఒక కోయ ముసలాయన. నేను ఆయనను తాతా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను బుల్లి గుమాస్తా అనేవాడు. ఒకనాడు తెల్లవారుజామున ఆయన వెంట పదిమంది ఆకు కోతకు బయలుదేరారు. నేనూ వెళ్ళాను. వాగు దగ్గరకు వచ్చేసరికి ఎదటి ఒడ్డు నుంచి ఈల వేసినట్టు ఒక సన్నని కూత వినిపించింది. వెంటనే చెట్ల మీద కొండముచ్చులు ఖళ్ళు ఖళ్ళున దగ్గినట్టు అరిచాయి. తాత చెయ్యి ఎత్తాడు. అందరమూ ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చున్నాం. ఆ కూతలు వాగు వెంట పైకి పోయి, సన్నగిల్లి, ఆగిపోయేదాకా ఎవరూ కదలలేదు.

అవతలి ఒడ్డుకు పోయి చూస్తే తడి ఇసుకలో పెద్ద పాదాల జాడ ఉన్నది. చిరుతపులి అని తాత చెప్పాడు. "నీకు కనపడకుండానే ఎట్లా తెలిసింది తాతా?" అని అడిగాను. "నాకున్నవి రెండు చెవులే బుల్లి గుమాస్తా. దుప్పులవీ కొండముచ్చులవీ కలుపుకొంటే ఎన్నో చూసుకో" అన్నాడు.

పుస్తకాల్లో చుక్కల జింక అని వ్రాసేదాన్నే మా వైపు దుప్పి అంటారు. దుప్పికీ కొండముచ్చుకూ ఉన్న స్నేహాన్ని ప్రకృతి శాస్త్రజ్ఞులు మన దేశపు అడవుల్లో శ్రద్ధగా గమనించారు. కొండముచ్చులు చెట్టుపైన ఆకులు, పండ్లు తింటూ సగం కింద పారేస్తాయి. దుప్పులు వాటిని తింటాయి. పైనున్న కొండముచ్చుకు చూపు దూరం ఆనుతుంది. కిందనున్న దుప్పికి ముక్కు, చెవి చురుకు. ఎవరు ముందు పసికడితే వారు కూత పెడతారు. రెండో జాతి ఆ కూతను అర్థం చేసుకుంటుంది. కణితి అనే పెద్ద జింక అయితే కాలితో నేలను తన్ని, రేకుడబ్బా మీద కొట్టినట్టు ఢాంకుమని అరుస్తుంది. ఈ సంభాషణలోకి మూడోవాడుగా మనిషి చేరాడు. కోయలు, కొండరెడ్లు, చెంచులు తరతరాలుగా ఈ కూతలు విని నడవడం నేర్చుకున్నారు. లేడి విన్నది మనిషికి వినిపించడమంటే ఇదే. దీనికి మంత్రం అక్కరలేదు గాని, చిన్నప్పటి నుంచి చెవి పెట్టి నేర్చుకోవాలి.

రెండో నియమం కొమ్ములు.

తలమీద కొమ్ములున్న మనుషులను నేను భద్రాచలంలో చూచాను. భయపడకండి! వాళ్ళు కోయ నాట్యగాళ్ళు. వాళ్ళు ఆడే ఆటకు పెర్మకోక్ ఆట అని పేరు. మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు బిగించిన తలపాగా పెట్టుకొని, మెడలో పెద్ద డోళ్ళు వేసుకొని, వాయిస్తూ ఆడతారు. ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వరుసగా అడుగు వేస్తారు. ఆట ముదిరేసరికి ఇద్దరు మగవాళ్ళు తలలు వంచి, దున్నపోతుల్లాగా ఎదురెదురుగా వచ్చి కొమ్ముకు కొమ్ము తగిలిస్తారు. పక్కన నిలబడి చూస్తుంటే ఆ క్షణాన అక్కడ మనిషి ఉన్నాడని అనిపించదు. తాతల నాటి కొమ్ములను చాలా ఇళ్ళలో భద్రంగా దాచుకుంటారు.

కోయల్లో డోలు వాయిస్తూ తమ వీరుల కథలు పాడేవారు కూడా ఉన్నారు. మణుగూరు వైపు వారైన సకిని రామచంద్రయ్య గారు అట్లా సమ్మక్క సారలమ్మల కథ పాడడంలో ప్రసిద్ధులు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

ఇక్కడ ఒక శాస్త్ర విషయం చెప్పుకోవాలి. అడవిదున్న కొమ్ము, మన ఆవు కొమ్ము, కృష్ణజింక కొమ్ము ఒక తరహావి. లోపల ఎముక, దాని మీద గోరువంటి పదార్థంతో చేసిన తొడుగు. ఒకసారి మొలిస్తే బతికినంతకాలం ఉంటాయి. దుప్పి కొమ్ము, కణితి కొమ్ము అట్లాంటివి కావు. అవి పూర్తిగా ఎముక. మొలిచేటప్పుడు వాటి మీద మఖమలు వంటి మెత్తటి చర్మం ఉంటుంది. పెరగడం పూర్తయినాక ఆ చర్మం ఎండి రాలిపోతుంది. తరువాత కొంతకాలానికి కొమ్ములే ఊడిపడతాయి. మళ్ళీ కొత్తవి మొలుస్తాయి. రాలిన కొమ్ములను ముళ్ళపందులు, ఎలుకలు సున్నం కోసం కొరికి తింటాయి. మనం మాత్రం వాటి జోలికి పోకూడదు. వాటిని అమ్మడం, కొనడం నేరం.

అన్నట్టు, మా మనుమరాలి కథలో లేడివారి రాజు ఎల్క్ అనే జంతువు మీద ఎక్కుతాడు. ఎల్క్ చలిదేశాల్లో ఉండే బ్రహ్మాండమైన జింక. మన దేశంలో లేదు. కాని సింహళంలో వేటాడిన ఇంగ్లీషువాళ్ళు అక్కడి కణితిని చూచి, అది కూడా ఎల్కే అని పిలిచారు. ఆ లెక్కన మా పాల్వంచ అడవిలో కూడా ఎల్క్ ఉన్నట్టే!

మూడో నియమం నొప్పి. లేడి దెబ్బ మనిషికి తగలడం.

ఈ సంగతి మన భాగవతంలోనే ఉన్నది. అయిదవ స్కంధంలో భరత మహారాజు కథ వస్తుంది. తెలుగు భాగవతం పోతన గారిదని అంటాం గాని, ఈ అయిదవ స్కంధాన్ని వ్రాసినది గంగన. భరతుడు రాజ్యం విడిచి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకొంటున్నాడు. చూలు లేడి ఒకటి నీళ్ళు తాగుతుండగా సింహం గర్జించింది. అది బెదిరి నది మీదికి దూకింది. పిల్ల నీళ్ళలో పడిపోయింది. తల్లి చనిపోయింది. భరతుడు ఆ పిల్లను తీసి పెంచాడు. దానికి మేత దొరికిందో లేదో, తోడేలు ఎత్తుకుపోయిందో ఏమో అని రాత్రింబగళ్ళు బెంగపెట్టుకొన్నాడు. తపస్సు మరిచాడు. చివరకు దాన్నే తలుచుకొంటూ ప్రాణం విడిచాడు. అందువల్ల మరుజన్మలో లేడి అయి పుట్టాడు. లేడిజన్మ ఎత్తినా ఆయనకు పూర్వజన్మ మరుపు రాలేదట. తపస్వికి ఇంత మమకారం కూడదని పెద్దలు ఈ కథ చెబుతారు. చిన్నప్పుడు నాకు మాత్రం ఆయన లేడి కావడం శిక్ష అని తోచలేదు.

ఇది పురాణం. చరిత్రలో కూడా ఒక జాతి ఉన్నది. రాజస్థానంలోని మార్వాడ ఎడారిలో బిష్ణోయిలు అనేవారున్నారు. 1485లో జాంభేశ్వరుడనే గురువు వారికి ఇరవైతొమ్మిది నియమాలు చెప్పాడు. బీస్ అంటే ఇరవై, నొయి అంటే తొమ్మిది. వాళ్ళ పేరే ఆ అంకె. పచ్చని చెట్టు కొట్టరాదు, ప్రాణుల మీద దయ ఉంచాలి అనేవి ఆ నియమాల్లోనివి. 1730లో ఖేజర్లీ గ్రామానికి చెట్లు కొట్టడానికి రాజభటులు వచ్చినప్పుడు, అమృతాదేవి అనే ఆమె చెట్టును కావలించుకొని ప్రాణమిచ్చింది. ఆమె వెనుక ఒకరి తరువాత ఒకరుగా మొత్తం 363 మంది ప్రాణాలర్పించారు. కృష్ణజింకలు వీరి పొలాల్లో నిర్భయంగా తిరుగుతాయి. తల్లి లేని జింకపిల్లకు తమ బిడ్డతో పాటు చనుబాలు ఇచ్చిన బిష్ణోయి తల్లులున్నారు. వాళ్ళను మా మనుమరాలు చూస్తే లేడివారని తప్పక అంటుంది.

నాలుగో నియమం చావు బతుకులు. లేడి పోతే మనిషి బతకకపోవడం.

ఈ నియమం మనకు చాలా దూరాన, మంచుదేశాల్లో నిజమయింది. నార్వే, స్వీడన్, ఫిన్లండ్, రష్యా దేశాల ఉత్తరపు కొసల్లో సామీ అనే జాతివారున్నారు. వారిలో కొందరు రెయిన్‌డీర్ అనే మంచు జింకల మందలను కాస్తారు. ఆ జింకల్లో ఆడవాటికి కూడా కొమ్ములుంటాయి. వాటి కళ్ళు ఎండాకాలంలో బంగారు రంగుగా, చీకటి నిండిన చలికాలంలో నీలంగా మెరుస్తాయి. చీకట్లో ఎక్కువ వెలుగు పట్టుకోవడానికి కంటి లోపలి పొర అట్లా మారుతుంది. సామీలు ఏడాదిని నాలుగు కాలాలుగా కాక ఎనిమిది కాలాలుగా లెక్కపెడతారు. జింకలు ఎప్పుడు ఈనుతాయి, ఎప్పుడు ఎటు కదులుతాయి అనేదాన్ని బట్టి వాళ్ళ పంచాంగం నడుస్తుంది. ప్రతి ఇంటివారికీ తమ జింకల చెవి మీద కోసే గుర్తు వేరుగా ఉంటుంది. "మీకు ఎన్ని జింకలున్నాయి?" అని మాత్రం వాళ్ళను అడగకూడదు. అది "మీ దగ్గర డబ్బెంత ఉంది?" అని అడిగినట్టు!

మంగోలియా ఉత్తరాన దుఖా అనేవారున్నారు. మొత్తం కలిపి కొన్ని వందలమందే. వారు మంచు జింకల మీద ఎక్కి తిరుగుతారు. వాటి పాలు పితికి చాయలో పోసుకొంటారు, జున్ను చేసుకొంటారు. జింకలు పోతే వారి ప్రాణాలు వెంటనే పోవు గాని, వారు దుఖాలుగా మిగలరు. ఏదో ఒక పట్నంలో అందరిలో కలిసిపోతారు. ఒక జాతికి ఇది కూడా చావు వంటిదే గదా.

ఇప్పటిదాకా మా మనుమరాలి నియమాలు నాలుగూ బాగానే నెగ్గాయి. అయిదోది మాత్రం నెగ్గదు. లేడి ఎన్నడూ మనిషిని విడిచిపోదు అన్నది ఆ నియమం.

మళ్ళీ మా కల్లానికి పోదాం. అక్కడ ఆకు కోసేవాళ్ళ పిల్లవాడు ఒకడు నా ఈడువాడే ఉండేవాడు. ఒకనాడు మధ్యాహ్నం వాడు దుప్పిపిల్లను చంకలో పెట్టుకొని వచ్చాడు. పొద మాటున ఒంటరిగా పడుకొని ఉన్నదట. తల్లి లేదట. మేమందరం మూగాం. ఎంత ముద్దుగా ఉన్నదో చెప్పలేను! కాళ్ళు పుల్లల్లాగా ఉన్నాయి. ఒంటి మీద తెల్లచుక్కలు. ఎవరో మేకపాలు తేవడానికి పరుగెత్తారు.

ఇంతలో తాత వచ్చాడు. కోప్పడలేదు. "ఎక్కడ దొరికింది, పొదా గట్టా?" అని వివరంగా అడిగాడు. తరువాత ఆ పిల్లవాడిని వెంటబెట్టుకొని, పొద్దు వాలేవేళకు దాన్ని అదే పొదలో అదే మాదిరిగా పడుకోబెట్టించాడు. మేము చాలా దూరాన, గాలి మా మీదుగా అటు పోకుండా చూచుకొని, బండరాతి వెనక కూర్చున్నాం. చీకటి పడబోతుండగా తల్లి వచ్చింది. నాలుగు అడుగులు వేసి ఆగేది. మళ్ళీ వేసేది. పిల్ల లేచి తల్లి పొదుగు కిందికి దూరింది. ఇంకాసేపటికి రెండూ వెళ్ళిపోయాయి.

తల్లిదుప్పి పిల్లను విడిచిపెట్టి పోలేదన్నమాట. చిన్నపిల్ల తల్లి వెంట పరుగెత్తలేదు. అందుకని తల్లి దాన్ని పొదలో దాచి మేతకు పోతుంది. పిల్ల కదలకుండా నేలకు కరుచుకొని పడుకొంటుంది. ఎండ పడి ఆకుల నీడ చుక్కలు చుక్కలుగా ఉన్నచోట ఆ చుక్కల ఒళ్ళు కనపడదు. అడవిలో ఒంటరిగా కనిపించిన పిల్ల చాలాసార్లు అనాథ కాదు. అమ్మ వస్తుందని ఎదురుచూస్తున్న పిల్ల!

తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లవాడు ఏడ్చాడు. "నేను పాలు పోసి పెంచుకొనేవాణ్ణి గదా" అన్నాడు. తాత వాడి తలమీద చెయ్యి వేసి, "పాలు పోస్తావురా. భయం ఎట్లా నేర్పుతావు?" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళకు గాని పూర్తిగా తెలియలేదు. ఇంట్లో పెరిగిన దుప్పి కుక్కను చూచి పారిపోదు. మనిషిని చూచి పారిపోదు. దానికి అడవికూతలు రావు. కొమ్ములు వచ్చిన మగదుప్పి పెంచినవాణ్ణే పొడవవచ్చు కూడా. దాన్ని అడవిలో విడిచినా బతకలేదు, ఇంట్లో ఉంచినా సుఖపడదు. ప్రేమతోనే దాని బతుకును పాడుచేసినట్టవుతుంది.

తాత సాధువేమీ కాడు. వయసులో ఉండగా విల్లు పట్టి దుప్పులను వేటాడినవాడే. కాని చూలుదాని మీదా, పిల్ల ఉన్నదాని మీదా బాణం ఎక్కుపెట్టలేదని చెప్పేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట మానవలసి వచ్చినాక, ఆ విల్లు ఆయన ఇంటి చూరులో ఉండిపోయింది. ఎక్కడ ఆగాలో ఆయనకు చట్టం రాకముందే కొంత తెలుసు.

ఈ మధ్య మన శాస్త్రజ్ఞులు కూడా ఇదే సంగతి ఇంకొక విధంగా చేసి చూపించారు. మన అడవుల్లో మూషిక జింక అని ఒకటున్నది. కుందేలంత ఉంటుంది. పేరుకు జింకే గాని నిజానికి దాని కుటుంబం వేరు. దానికి కొమ్ములుండవు. అది అరుదైపోవడంతో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో వాటిని పెంచి సంఖ్య పెరిగేట్టు చేశారు. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకుపోయారు. ముందు కంచె వేసిన చోట ఉంచి, అడవి అలవాటు చేసి, తరువాత విడిచిపెట్టారు. పులులున్న అడవిలోకే విడిచిపెట్టారు! పెంచినది విడవడానికే.

ఇంతవరకు వ్రాసి మా బావమరిదికి చదివి వినిపించాను. ఆయనది పాల్వంచ వైపు అడవి అంచున సేద్యం. మొక్కజొన్న, పెసర వేస్తాడు. అంతా విని, "బాగుంది బావా. నీ మనుమరాలి లేడివారిలో సేద్యం చేసేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

లేరు. ఉన్నట్టు అది వ్రాయలేదు.

"కిందటేడు అర ఎకరం పెసరచేను దుప్పులు ఒక్క వారంలో మేసిపోయినాయి. వాటితో నాకూ చుట్టరికమే. పిలవకుండా భోజనానికి వచ్చే చుట్టాలు" అని నవ్వాడు. నవ్వాడే గాని, ఆ పెసర్ల డబ్బు ఆయన కూతురి కాలేజీ జీతానికి పెట్టుకొన్నది.

ఆ వైపు కొందరు అడవిపందుల కోసమని పొలం చుట్టూ తీగ కట్టి రాత్రిపూట కరెంటు పెడతారు. అది నేరం. ఆ తీగకు పందే తగలాలని లేదు. దుప్పి తగులుతుంది, గేదె తగులుతుంది, చీకట్లో నీళ్ళు కట్టడానికి పోయిన మనిషి తగులుతాడు. మా బావమరిదికి కూడా తీగ కట్టమని సలహా చెప్పినవాళ్ళున్నారు. "తీగకు కళ్ళుంటాయా?" అని ఆయన ఒప్పుకోలేదు. దానికి బదులు చేను చుట్టూ పాతచీరలు కట్టాడు. గాలికి అవి కదులుతుంటే కొన్నాళ్ళు దుప్పులు జంకుతాయి. గట్ల వెంట కుసుమ చల్లాడు. కుసుమ ఆకులకు ముళ్ళుంటాయి. పంట చేతికి వచ్చే రోజుల్లో మంచె మీద పడుకొని, డబ్బా కొడుతూ కాపలా కాస్తాడు. అయినా ఎంతో కొంత పోతూనే ఉంటుంది.

పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. దుప్పులు ఉండాలని కోరేవాళ్ళం ఊళ్ళలో, పట్నాల్లో లక్షలమందిమి ఉన్నాం. 2014లో చుక్కల జింకను తెలంగాణ రాష్ట్ర జంతువుగా కూడా ఎంచుకొన్నాం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. కాని వాటికి మేత పెడుతున్నది అడవి అంచున ఉన్న రైతు. అడవిజంతువులు పంట పాడుచేస్తే ప్రభుత్వం పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉన్నది. అది తెలియని రైతు మీ ఎరుకలో ఉంటే చెప్పండి, అర్జీ వ్రాయడానికి సాయం చెయ్యండి. చుట్టరికం అందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్కడి మీద పడడం న్యాయం కాదు.

మా మనుమరాలు కథను మళ్ళీ వ్రాస్తున్నది. ఇప్పుడు లేడివారికి పొలాలున్నాయి. అయిదో నియమం మార్చింది. ఎట్లా మార్చిందో నాకింకా చూపించలేదు.

పిల్లలూ, ఈ వేసవిలో మీరు భద్రాచలమో, పర్ణశాలో, కిన్నెరసానో వెళితే ఈ నాలుగు మాటలు జ్ఞాపకం పెట్టుకోండి. దారిలో జింకలు కనపడితే బిస్కట్లు విసరవద్దు. కుక్కను అడవిలోకి తీసుకుపోవద్దు. పొదలో పిల్ల ఒంటరిగా కనపడితే ముట్టుకోకుండా దూరంగా జరిగిపొండి. దానికి గాయమయిందనో, పక్కన తల్లి చచ్చిపడి ఉన్నదనో తెలిస్తే మాత్రం అటవీ శాఖవారికి చెప్పండి.

ఇక, మీరు ఎంత మెల్లగా నడిచినా దుప్పి మిమ్మల్ని చూడగానే తోక ఎత్తి చెట్లలోకి దూకి మాయమవుతుంది. అందుకు నొచ్చుకోకండి. దాని తల్లి దానికి నేర్పవలసినది నేర్పిందన్నమాట.